ఆన్సర్ తెలిసినా క్లాసులో నోరు రావట్లేదా
నీకు రాక కాదు తమ్ముడూ, తొమ్మిదిలో ఇంగ్లీష్ మీడియంకి మారావు కదా, వాక్యం మొత్తం తప్పుల్లేకుండా మనసులో కట్టుకునేదాకా లేవట్లేదు, ఈలోపు ముందు బెంచీ వాడు చెప్పేస్తున్నాడు.

1. అటెండెన్స్‌లో ‘ప్రెజెంట్ మేడమ్’ రోజూ గట్టిగా అను.

2. అందరూ వదిలేసేది ఇదే, టీచర్‌కి ముందే చెప్పడం. ఇంటర్వెల్‌లో స్టాఫ్‌రూమ్ గుమ్మం దగ్గర ఒక్క నిమిషం: “మేడమ్, రేపు సెల్ చాప్టర్‌లో మొదటి ప్రశ్న నన్నడగండి, చదువుకొస్తా.” తెలుగులోనే చెప్పు, ఏం కాదు. నేనూ ఇలాగే అడిగా, నోట్‌బుక్ పట్టుకున్న చెయ్యి వణికింది, అయినా మర్నాడు లేచి చెప్పా.

3. ఒక్క ముక్క చాలు. జంతు కణంలో ఉండనిదేంటి? ‘సెల్ వాల్ మేడమ్.’ పూర్తి వాక్యాలు మెల్లగా అవే వస్తాయి.

స్కూల్ మానేయాలనిపించేంత భయంగా ఉంటే మాత్రం 14416కి కాల్ చెయ్, అది టెలి మానస్, మనసు బాగోనప్పుడు మాట్లాడే ప్రభుత్వ హెల్ప్‌లైన్, ఫ్రీ, తెలుగులోనే మాట్లాడొచ్చు.