షోరూం సంగతి తర్వాత, ముందు ఆ లైటు రేటు మార్చు తమ్ముడూ

కావలి నుంచి ఒక తమ్ముడు రాశాడు: "అన్నా, నాకు 34 ఏళ్ళు. ఊరి బయట షెడ్డు అద్దెకి తీసుకుని చెక్క, ఇత్తడి కలిపి హ్యాంగింగ్ లైట్లు, షాండ్లియర్లు ఆర్డర్ మీద చేసిస్తుంటాను. ఇద్దరు పనోళ్ళున్నారు. నెలకి 1.8 లక్షల దాకా పని జరుగుద్ది, ఇప్పుడు ఆర్డరిస్తే చేతికిచ్చేసరికి రెండు నెలలు పడుతుంది, అయినా ఖర్చులు పోను 35 వేలే మిగులుతున్నాయి. బయట రెండ్రూపాయల వడ్డీకి తెచ్చినవి 3 లక్షలు, బ్యాంకులో మా ఆవిడ బంగారం మీద 2 లక్షలు ఉన్నాయి. 20 నెలల 2 లక్షల చీటీ ఒకటి, 8 నెలలు కట్టాను, ఇంకా పాడలేదు. ఇప్పుడది పాడి, ఆ డబ్బు అడ్వాన్సుగా కట్టి నెల్లూరు మాగుంట లేఅవుట్‌లో షోరూం తీసుకుని, ముద్ర లోను 10 లక్షలు తెచ్చి లోపల సెట్ చేద్దామనుకుంటున్నా. ఏమంటావు?"

ఇప్పుడైతే షోరూం వద్దనే అంటాను. ఎందుకో నీ మాటల్లోనే ఉంది చూడు, ఆర్డరిస్తే రెండు నెలలు పడుతుందని నువ్వే రాశావు, అంటే నీకు గిరాకీ తక్కువై కాదు, చేసే చేతులు తక్కువై ఇబ్బంది. షోరూం అనేది గిరాకీ తెచ్చే ఖర్చు. నువ్వు చెప్పిన అద్దె 35 వేలు, అక్కడ కూర్చునే మనిషికి 12 వేలు, పొద్దస్తమానం లైట్లన్నీ వెలిగించి పెట్టే కరెంటు, ఇంకా అమ్ముడుపోకుండా గోడకి వేలాడే పీసుల్లో ఇరుక్కునే డబ్బు, అన్నీ కలిపితే తేలిగ్గా నెలకి 60 వేలు. సరుకు, కూలి పోను నూటికి 35 మిగిలినా సరే ఆ 60 వేలు రావాలంటే ఇప్పుడున్న పని మీద ఇంకో 1.7 లక్షల పని అదనంగా జరగాలి. ఆ పని ఎవరు చేస్తారు, అదే ఇద్దరు పనోళ్ళా?

అసలు నన్ను ఆపేసింది నువ్వు ఫోటో తీసి పంపిన ఆ ఎస్టిమేట్ కాగితం. డైనింగ్ టేబుల్ మీద వేలాడే నాలుగడుగుల లైటు, కస్టమర్‌కి చెప్పింది 14,500. చెక్క 2,600, ఇత్తడి పైపులు కప్పులు 2,900, ఎల్ఈడీ స్ట్రిప్పు, దానికి కరెంటు సరిచేసి ఇచ్చే డ్రైవర్, వైరు కలిపి 1,850, పాలిష్ గరుకు కాగితం 700, మొత్తం 8,050 అని వేసి, కింద పెద్దక్షరాలతో "లాభం 6,450" అని రాసి గీత కొట్టావు. ఆ గీత కింద రాయాల్సినవి చాలా ఉన్నాయి. నాలుగు రోజులు పనోడు ఒకడు దాని మీదే ఉన్నాడు, రోజుకి 700 లెక్కన 2,800. ప్యాకింగు, ఆటో, బిగించడానికి మనిషి, 900. షెడ్డు అద్దె, కరెంటు కలిపి నెలకి 8,500 అన్నావు, 26 రోజులకి పంచితే రోజుకి 327, అందులో సగం ఈ లైటు మీద వేసినా నాలుగు రోజులకి 650. ఇవన్నీ తీసేస్తే మిగిలేది 2,100. ఆ నాలుగు రోజులూ డిజైన్ గీసింది, లేత్ మీద నిలబడింది, చివరి పాలిష్ వేసింది నువ్వే కదా, నీ రోజుకూలి 525 పడింది. నీ దగ్గర పనిచేసే మనిషికన్నా నువ్వు తక్కువకి పనిచేస్తున్నావు, డిజైన్ చేసినందుకైతే పైసా రాలేదు.

కాబట్టి ఇక నుంచి ఎస్టిమేట్‌లో నీ పేరు మీద ఒక లైను ఉండాలి, రోజుకి 1,200 వేసుకో, ఎక్కువేం కాదు. డిజైన్‌కి విడిగా 1,500 తీసుకో, ఆర్డర్ ఖాయమైతే బిల్లులో తగ్గించు, కాకపోతే నీ దగ్గరే ఉంచుకో, ఆ డ్రాయింగ్ పట్టుకుని ఇంకొకడి దగ్గర చేయించుకునేవాళ్ళ బెడద తగ్గుద్ది. అదే లైటు 18,000కి చెప్పు, పది మందిలో ముగ్గురు వెళ్ళిపోతారు, పోనీ, మిగతా ఏడుగురి పని చేస్తేనే నీకు ఇప్పటికన్నా ఎక్కువ మిగులుద్ది, రెండు నెలల క్యూ కూడా తగ్గుద్ది.

ఇక అడ్వాన్సు. కస్టమర్ దగ్గర 20 శాతం తీసుకుని మిగతా సరుకు నీ డబ్బుతో కొంటున్నావు, ఆ డబ్బు లేక రెండ్రూపాయలకి తెస్తున్నావు, అంటే వాళ్ళింటి లైటుకి వడ్డీ నువ్వు కడుతున్నావన్నమాట. అడిగితే పోతారేమోనని భయం అన్నావు. కల్యాణ మండపం వాళ్ళు అడ్వాన్సు లేకుండా ముహూర్తం డేటు రాసుకుంటారా? 60 శాతం ముందు, 30 శాతం బిగించడానికి వచ్చేముందు, 10 శాతం వెలిగించి చూపించాక. ఇంటీరియర్ డిజైనర్లు మూడు నెలలకి గానీ డబ్బివ్వరని రాశావు కాబట్టి చిన్న వ్యాపారాలకి కేంద్రం ఇచ్చే ఉద్యం రిజిస్ట్రేషన్ ఈ వారమే చేయించుకో, ఆన్‌లైన్‌లో ఉచితం, ఎవడైనా డబ్బులడిగితే ఇవ్వొద్దు. అది ఉంటే నీలాంటి చిన్న తయారీదారుకి, రాతపూర్వకంగా ఒప్పందం ఉంటే ఎక్కువలో ఎక్కువ 45 రోజుల్లో, లేకపోతే 15 రోజుల్లో డబ్బివ్వాలి. లేటు చేస్తే, నీకు డబ్బిచ్చిన ఏడాదిలో తప్ప ఆ ఖర్చు ఇన్‌కంటాక్స్‌లో చూపించుకోవడం వాళ్ళకి కుదరదు, 2024 ఏప్రిల్ నుంచి ఈ రూలు ఉంది. గొడవ పడకుండా బిల్లు కింద ఉద్యం నంబరు వేసి పంపు చాలు, వాళ్ళ ఆడిటరే ఫోన్ చేయిస్తాడు.

చీటీ పాడు, కానీ షోరూం కోసం కాదు. రెండ్రూపాయలంటే ఏడాదికి 24 శాతం, 3 లక్షలకి నెలకి 6,000 పోతోంది. చీటీ చివరిదాకా ఆగితే 5 శాతం కమీషన్ పోను 1.9 లక్షలు వస్తాయనుకుందాం. ఈ నెల పాడితే 1.7 లక్షలు వచ్చాయనుకో, 20 వేలు వదులుకున్నట్టు, కానీ ఆ 1.7 లక్షలు నేరుగా తీసుకెళ్ళి అప్పు ఇచ్చినాయనకి కడితే నెలకి 3,400 వడ్డీ ఆగుద్ది, 11 నెలలకి 37,400. పాట మరీ వేడెక్కి చేతికి 1.6 లక్షలకన్నా తక్కువొచ్చేలా ఉంటే ఆ నెల వదిలెయ్, ఎవరో కూతురి పెళ్ళికి తొందరలో ఉండుంటారు. కట్టాక ప్రామిసరీ నోటు వెనకాల ఎంత ముట్టిందో రాయించుకుని సంతకం పెట్టించు, నోటిమాట మీద రావద్దు. బంగారం లోను జోలికి ఇప్పుడు పోవద్దు, బ్యాంకు వడ్డీ దీంట్లో సగం కూడా ఉండదు, గడువు దాటకుండా వడ్డీ కట్టి రెన్యువల్ చేయించుకో.

ముద్ర 10 లక్షలు నీకిప్పుడు ఎక్కువ. ముందు పీఎం విశ్వకర్మకి అప్లై చెయ్, అందులో 18 రకాల చేతివృత్తులున్నాయి, వడ్రంగం ఉంది, నీ పనిలో సగం అదే. మొదటి విడత లక్ష, వడ్డీ 5 శాతం, 18 నెలల్లో కట్టాలి, పనిముట్లకి 15 వేలు విడిగా ఇస్తారు. ముద్ర లోను తీసుకుని కడుతూ ఉంటే విశ్వకర్మ రాదు, అందుకే వరస ముఖ్యం. ఆ లక్షతో పాత లేత్ మార్చి మంచి స్ప్రే గన్, కంప్రెసర్ పెట్టుకుంటే పాలిష్‌కి పోయే రోజు కలిసొస్తుంది.

డ్రైవర్లు చవకవి తెచ్చి ఏడాదిలోపే కాలిపోతే మళ్ళీ మళ్ళీ వెళ్ళి మారుస్తున్నానన్నావే, నెల్లూరు దాకా పోయొస్తే ఒక పూట పనీ పెట్రోలూ పోయినట్టే. బీఐఎస్ (ప్రభుత్వ నాణ్యత) మార్కున్న డ్రైవరే వాడు, కుదిరిన డిజైన్లకి అసలు డ్రైవర్ లేకుండా మామూలు స్క్రూ హోల్డర్ పెట్టెయ్, బల్బు పోతే వాళ్ళే మార్చుకుంటారు, నీ ఫోన్ మోగదు.

చూపించుకోవడానికి చోటు కావాలనే నీ కోరిక తప్పు కాదు. కొత్తిల్లు కట్టేవాళ్ళంతా ముందు టైల్స్, గ్రానైట్ షాపులకే పోతారు, నెల్లూరులో ఒకటి, ఒంగోలులో ఒకటి చూసి చెరో రెండు పీసులు వేలాడదీయించు, అమ్మితే 10 శాతం కమీషన్. అద్దె లేదు. నువ్వు చెప్పిన చెన్నై డిజైనర్‌కి సరుకు పంపేముందు మాత్రం అకౌంటెంట్‌తో మాట్లాడు, మన రాష్ట్రంలోనే అమ్మితే 40 లక్షల టర్నోవర్ దాకా జీఎస్టీ రిజిస్ట్రేషన్ అక్కర్లేదు, బయటి రాష్ట్రానికి ఆ లెక్క వేరు, చేతిపని వస్తువులకి ఇచ్చే మినహాయింపు నీ లైట్లకి వర్తిస్తుందో లేదో ఆయన బిల్లులు చూసి చెప్తాడు.

ఇంకోటి, షెడ్డుకి ఇన్సూరెన్స్ లేదు. 2021 నవంబరులో పెన్నా వరద నెల్లూరు చుట్టుపక్కల ఏం చేసిందో చూశావు కదా, లోపలేమో ఎండిన చెక్క, థిన్నరు డబ్బాలు. భారత్ సూక్ష్మ ఉద్యం సురక్ష పాలసీ అడుగు, మంటలూ వరదా తుఫానూ అన్నీ అందులో వస్తాయి, మిషన్లకీ సరుకుకీ కలిపి తీసుకో. నీ మీద బ్యాంకులో ఏడాదికి 436 రూపాయల జీవన జ్యోతి బీమా అయినా ఉందో లేదో పాస్‌బుక్ చూసి చెప్పు, టర్మ్ పాలసీ ఎంతకి తీసుకోవాలో అప్పుడు మాట్లాడదాం.