గ్రెయిన్ నువ్వు వేయకు, కొనేవాడికి వదిలెయ్

చిన్నా,

ఫొటోలు అమ్మిపెట్టే స్టాక్ సైట్లకి పన్నెండు ఫొటోలు పంపితే తొమ్మిది వెనక్కొచ్చాయని, అన్నిటికీ ‘నాయిస్’ (ఫొటోలో అక్కర్లేని చుక్కలు, మచ్చలు) అనే ఒక్క ముక్కే కారణంగా రాశారని, వాళ్లకి ఫొటోగ్రఫీ అంటే ఏంటో తెలీదని తిట్టుకున్నావు కదా, నేనూ మొదట్లో అచ్చం ఇలాగే తిట్టుకున్నాను. పాత ఫిల్మ్ లుక్ కోసం, ఎడిటింగ్‌లో గ్రెయిన్ అనే సన్న చుక్కల గరుకు వేసే స్లైడర్ బాగా జరిపావని చూడగానే తెలిసింది. గోడకి తగిలించుకోవడానికైతే బ్రహ్మాండంగా ఉంది. అమ్మకానికి పనికిరాదు.

ఎందుకంటే కొనేవాడికి నీ ఫొటో ముడిసరుకు. అందులో ఒక మూల కత్తిరించి బ్యానర్‌లో పెట్టుకుంటాడు, ఆకాశం మీద అక్షరాలు వేస్తాడు, పోస్టర్ సైజుకి సాగదీస్తాడు. గ్రెయిన్ కావాలంటే తనే క్షణంలో వేసుకుంటాడు, కానీ నువ్వు వేసి పంపింది తీయబోతే దాంతోపాటు వెంట్రుకలూ బట్ట నేతా కూడా కొట్టుకుపోతాయి. పైగా ఫొటోని కుదించి దాచే జేపెగ్ ఫైల్‌కి గ్రెయిన్ అంటే అస్సలు పడదు. ప్రతి చుక్కనీ వివరమే అనుకుని దాచబోతుంది, ఫైల్ బరువెక్కుతుంది, క్వాలిటీ తగ్గించావా, 8×8 పిక్సెళ్ల గళ్లు బయటపడతాయి.

ఇక ఆ చెరువు ఫొటో. గ్రెయిన్ వేయలేదు, ఐఎస్ఓ (కెమెరా వెలుగుని ఎంత పెంచి చూపాలో చెప్పే అంకె, పెంచేకొద్దీ నాయిస్ కనబడుతుంది) 100లోనే తీశాను, అయినా ఎందుకు కొట్టేశారంటావు. 100% జూమ్‌లో పెట్టి ఆకాశం పై మూల చూడు, నీలం అంతా మచ్చలు మచ్చలుగా ఉంటుంది. ఆకాశం ముదురుగా కనబడాలని నీలం రంగు వెలుగు స్లైడర్‌ని కిందికి లాగేశావు, ఆ మచ్చలు అక్కణ్ణుంచే వచ్చాయి. కిటికీ దగ్గర కుర్చీ ఫొటోలో ఇంకో రకం తప్పు జరిగింది. చీకట్లో ఉన్న భాగాన్ని 3 స్టాపులు లేపావు, ఒక్కో స్టాపుకి వెలుగు రెట్టింపు, అంటే ఐఎస్ఓ 100లో తీసినా అక్కడ దాదాపు 800లో తీసినట్టే లెక్క. తీసేటప్పుడే కాస్త ఎక్కువ వెలుగు పడనిచ్చి ఉంటే ఈ గొడవే లేదు.

పంపేముందు 100%లో మూలమూలా తిరిగి చూసుకో, తనిఖీ చేసేవాళ్లు చూసేది అలాగే. రంగు చుక్కలుంటే ముందు వాటిని తగ్గించు, మిగతా నాయిస్‌ని కొద్దిగానే ముట్టుకో, అతిగా నునుపు చేస్తే మొహాలు మైనం బొమ్మల్లా తయారై అందుకూ తిప్పికొడతారు. నాకు బాగా అక్కరకొచ్చింది మాత్రం సైజు తగ్గించడం. 6000×4000 ఫొటోని 3000×2000 చేస్తే నాలుగు పిక్సెళ్లు కలిసి ఒకటవుతాయి, నాయిస్ ఇంచుమించు సగానికి పడిపోతుంది. అడోబ్ స్టాక్, షటర్‌స్టాక్ అడిగేది కనీసం 4 మెగాపిక్సెళ్లు, నీకింకా 6 ఉంటాయి.

తుప్పు, గోనెపట్టా, ఇసుక లాంటివి తీయొద్దని కాదు. గరుకుగా ఉన్నాయని ఎవరూ కొట్టేయరు, కానీ ఫోకస్ కాస్త జారితే ఆ గరుకుదనమే నాయిస్‌లా కనిపిస్తుంది. ఒక్క రేణువైనా సూదిమొనలా కనబడాలి. అన్నట్టు, ఎక్కడో డౌన్‌లోడ్ చేసిన గీతల కాగితం టెక్స్చర్ ఫొటో పైన పరిచావే, అది అమ్మే హక్కు నీకుందా? ముందు దాన్ని తీసెయ్.

ఆ కుర్చీ ఫొటో నాకు పంపు, కెమెరా కుదించకుండా దాచిన రా (RAW) ఫైలే పంపు, జేపెగ్ వద్దు. వాట్సాప్‌లో ఫొటోలాగా అస్సలు పంపకు, అది నలిపేస్తుంది.

మీ బాబాయ్