రోటావేటర్ తగిలించే ముందు

నాయనా,

ట్రాక్టర్ వెనక తగిలించి మట్టిని గుల్ల చేసే కొత్త రోటావేటర్ దిగిందని మీ అమ్మ ఫోన్లో చెప్పింది. ఆరడుగులదట, చాలా సంతోషం. తొలకరి పడగానే నువ్వే తగిలించుకుని చేలోకి దిగుతానన్నావట. దిగు. దానికి ముందు ఒక సంగతి నీకు తెలియాలి.

మీ నాన్న ఎడమకాలు ఈడుస్తూ నడవడం నువ్వు పుట్టినప్పటి నుంచీ చూస్తున్నావు. ట్రాక్టర్ దగ్గర దెబ్బ తగిలిందన్నంత వరకే నీకు తెలుసు. ఆ రోజు బండి మీద ఉన్నది నేను. వాడు దున్నే కల్టివేటర్‌కీ వెనక చక్రాలకీ నడుమ నిలబడి "ఇంకొంచెం రానీ అన్నయ్యా" అంటున్నాడు. నా చెప్పుకి బురద ఉంది, క్లచ్ మీద కాలు జారింది. బండి మూరెడు వెనక్కి గెంతింది. ఆ మూరెడులోనే వాడి మోకాలు ఉంది.

అందుకే చెబుతున్నాను, చక్రం కదులుతున్నంతసేపూ ఆ నడుమ ఎవ్వరినీ నిలబెట్టకు. సాయానికి వచ్చినవాణ్ణి పక్కకి, నీకు కనబడేటంత దూరంలో ఉండమను. రోటావేటర్ చదును నేల మీద ఉండాలి. దానికి సూటిగా, ఇంజన్ రేజ్ చేయకుండా వెనక్కి రా. ట్రాక్టర్ వెనక ఉండే రెండు లింక్ ఆర్ముల బెజ్జాలు రోటావేటర్ పిన్నుల ఎత్తుకి వచ్చేదాకా, ఆ ఆర్ముల్ని ఎత్తి దించే లిఫ్ట్ దించు. తర్వాత న్యూట్రల్, హ్యాండ్ బ్రేకు, ఇంజన్ ఆపి తాళంచెవి జేబులో వేసుకుని దిగు. ముందు ఎడమ ఆర్ము, తర్వాత కుడిది. కుడిదానికి తిప్పే హ్యాండిల్ ఉంటుంది కాబట్టి ఎత్తు తేడా వస్తే దానితో సరిచేసుకోవచ్చు. చివర, పైన నడుమ ఉండే టాప్ లింక్. నాలుగు వేళ్ల తేడా వచ్చిందని రోటావేటర్‌ని కాలితో నెట్టకు, అది నాలుగైదు క్వింటాళ్ల ఇనుము. మళ్లీ ఎక్కి బండినే సర్దుకో. విప్పేటప్పుడు ఇదే వరస తిరగేసి.

ఇంజన్ తిప్పుడుని రోటావేటర్‌కి అందించే పీటీఓ షాఫ్ట్ కూడా ఇంజన్ ఆపాకే తగిలించు. లాక్ పిన్ను నొక్కి గాడిలోకి తోస్తే 'టక్'మని పడాలి. పడ్డాక రెండు చేతులతో వెనక్కి లాగి చూడు, రాకూడదు. కొత్త షాఫ్ట్ కనక మొదటిసారి పీటీఓ వేయకుండా లిఫ్ట్ మెల్లగా పైకీ కిందికీ ఆడించి చూడు. లోపలి గొట్టం ఎక్కడా పూర్తిగా మూసుకుపోయి ఒత్తకూడదు, ఊడి బయటికీ రాకూడదు. పొడవు ఎక్కువైతే గేర్‌బాక్స్ దెబ్బతింటుంది, అప్పుడు మెకానిక్ చేత కోయించు.

షాఫ్ట్ మీది ప్లాస్టిక్ గొట్టం అడ్డమని చాలామంది పీకి పారేస్తారు. నువ్వు పీకకు, దాని గొలుసు కూడా తగిలించు. నిమిషానికి 540 చుట్లంటే సెకనుకి తొమ్మిది. లుంగీ అంచో భుజం మీది తువ్వాలో చుట్టుకుంటే చెయ్యి చాచి ఆపే వ్యవధి కూడా ఉండదు. చేలోకి ప్యాంటుతోనే వెళ్లు, తువ్వాలు ఇంట్లో పెట్టి వెళ్లు.

గడ్డి చుట్టుకుంటే ఇంజన్ ఆపకుండా బ్లేళ్ల జోలికి పోవద్దు. లిఫ్ట్‌ని నమ్మి కిందకి దూరొద్దు. పైకెత్తి, కింద చెక్క దిమ్మలు పెట్టాకే చెయ్యి పెట్టు.

పిన్నులు ఊడకుండా వాటికి పెట్టే రింగు పిన్నులు ఊరికే పోతుంటాయి. అవి దొరక్క మనవాళ్లు మేకులు వంచి పెడతారు, అవి దారిలోనే జారిపోతాయి. అర డజను కొని మీ నాన్న చేతికిచ్చి పంపాను. టూల్ బాక్సులో వేసుకో.

దీవెనలతో,
పెదనాన్న