ఆర్‌వీలో పిల్లలతో ఎల్లోస్టోన్ వెళ్తున్న చిట్టికి

చిట్టీ,

ఇల్లులాంటి ఆర్‌వీ బండిలో ఎల్లోస్టోన్ నేషనల్ పార్కుకు వెళ్లడానికి నువ్వు పంపిన ప్లాన్ మీ పెదనాన్నకు చదివి వినిపించాను. ఏడు రోజుల్లో ఆరు ఆర్‌వీ పార్కులా? "పిల్లలు ఎల్లోస్టోన్ చూస్తారో లేదో గానీ, అల్లుడు మాత్రం గొట్టాలు బాగా చూస్తాడు" అన్నారాయన. దిగిన ప్రతిచోటా బండి వెనక్కి పెట్టి, ఎత్తుపల్లాలు సరిచేసి, కరెంటు, నీళ్లు, మురుగు గొట్టం తగిలించాలి. పొద్దున్నే అన్నీ విప్పాలి. ఆ లోపు పిల్లలు ఆకలని గోల. ఆరు వద్దు, రెండు చాలు.

ఫిషింగ్ బ్రిడ్జిలో సైటు దొరికిందన్నావు కదా, మూడు రాత్రులు అక్కడే ఉండండి. ఎల్లోస్టోన్ లోపల కరెంటు, నీళ్లు, మురుగు మూడు కనెక్షన్లూ ఉన్న ఆర్‌వీ పార్కు అదొక్కటే. గ్రిజ్లీ ఎలుగులు తిరిగే చోటు కాబట్టి గుడ్డ టెంట్లు వేయనివ్వరు. అన్నట్టు, పేరు చూసి పిల్లాడికి గాలం కొనేవు. ఆ వంతెన మీద చేపలు పట్టడం 1973లోనే ఆపేశారు.

ఇక వంట సంగతి. మీ బండి 30 ఆంప్స్‌ది అన్నావు. అంటే ఇక్కడి 120 వోల్టుల మీద మొత్తం 3,600 వాట్లు. చలిగా ఉందని హీటర్ పెడితే 1,500, ఇన్‌స్టంట్ పాట్ అనే కరెంటు కుక్కర్ 1,000, ఇంతలో పిల్లలకు పాలు వేడి చేద్దామని మైక్రోవేవ్ నొక్కావో, బ్రేకర్ ట్రిప్ అవుతుంది. ఒకటి అయ్యాక ఒకటి పెట్టుకో. అక్కడ ఎత్తు దాదాపు 7,800 అడుగులు, నీళ్లు 92 డిగ్రీల దగ్గరే మరుగుతాయి. మామూలు గిన్నెలో కందిపప్పు ఉడకడానికి చాలాసేపు పడుతుంది, కుక్కర్ తప్పదు. పోపు మాత్రం లోపల వేయకు. ఎండుమిరపకాయ నూనెలో పడగానే పొగ అలారం మోగి పక్కవాళ్లు కూడా లేస్తారు. పోనీ బయట వేద్దామా అంటే ఎలుగులకు వాసన. పులిహోర పులుసు, పొడులు ఇంట్లోనే చేసి సీసాల్లో పెట్టుకెళ్లు. బయట తిన్నా, తినగానే నూనె సీసాతో సహా అన్నీ లోపలికి రావాలి.

ఇప్పుడు ఎవరూ చెప్పని విషయం. టాయిలెట్ మురుగు బ్లాక్ ట్యాంకులోకి, సింకు, స్నానం నీళ్లు గ్రే ట్యాంకులోకి పోతాయి. మా మొదటి ట్రిప్పులో గొట్టం తగిలించాం కదా అని బ్లాక్ వాల్వు నాలుగు రోజులూ తెరిచే ఉంచాం. నీళ్లన్నీ పారిపోయి, పోవాల్సింది గట్టిపడి అక్కడే కూర్చుంది. ఆ సాయంత్రం గురించి మీ పెదనాన్న ఇప్పటికీ మాట్లాడరు! వాల్వు మూసే ఉంచి, ట్యాంకు బాగా నిండాక తెరవాలి. ముందు బ్లాక్, తర్వాత గ్రే. అప్పుడు సబ్బు నీళ్లతో గొట్టం తనే కడుక్కుంటుంది. మన చెంబు అలవాటు ఇక్కడ మేలే చేస్తుంది, ఆ ట్యాంకుకు నీళ్లు ఎక్కువ పడితేనే మంచిది. పిల్లల వైప్స్ మాత్రం ఒక్కటి కూడా వేయనివ్వకు. పళ్లేలు కడిగేముందు మెతుకులు పేపరుతో తుడిచెయ్, లేకపోతే రెండో రోజుకే గ్రే ట్యాంకు కంపు కొడుతుంది.

జూలై అయినా అక్కడ రాత్రిళ్లు ఒక్కోసారి గడ్డకట్టే చలి. పడుకునే ముందు నీళ్ల గొట్టం విప్పేయండి.

పిల్లలకు తలా ఒక పని అప్పగించు. బయల్దేరేటప్పుడు బయటి మెట్టు లోపలికి మడిచారో లేదో చూడటం పెద్దాడి డ్యూటీ, అలమరాల గొళ్లాలు చిన్నదానివి. బండి కదులుతున్నప్పుడు ఇద్దరూ ముందుకు చూసే సీట్లలో బెల్టుతో ఉండాలి, పక్కకు తిరిగిన సోఫాలో వద్దు. పార్కుల్లో రాత్రి పది తర్వాత గోల చేయనివ్వరు. అడ్డదారి అని పక్కవాళ్ల సైటులోంచి పరిగెత్తడం కూడా మర్యాద కాదు. అడవి దున్న ఎంత నెమ్మదిగా కనిపించినా 25 గజాలు, ఎలుగైతే 100 గజాలు దూరం. ఫోటో కోసం అల్లుడు కూడా దగ్గరికి పోకూడదు, నా మాటగా చెప్పు.

పెద్దాడు నాలుగో గ్రేడు ఇప్పుడే పూర్తి చేశాడు కదా, వాడి పేరు మీద 'ఎవ్రీ కిడ్ అవుట్‌డోర్స్' పాస్ తీసుకో. ఆగస్టు 31 వరకు చెల్లుతుంది, బండిలో అందరికీ ప్రవేశం ఉచితం. కాగితం మీద ప్రింట్ కూడా తీసి పెట్టుకో. విజిటర్ సెంటర్లో పిల్లలు నింపే జూనియర్ రేంజర్ పుస్తకాలు అడుగు. వాటిలో పడ్డారంటే నీకో గంట తీరిక.

అద్దె బండితో ఇచ్చే నీళ్ల గొట్టాన్ని ముందు ఎవరు దేనికి వాడారో తెలియదు. తాగే నీళ్లకు తెల్ల గొట్టం, నీళ్ల ఒత్తిడి తగ్గించే ప్రెషర్ రెగ్యులేటర్ మా గరాజ్‌లో ఉన్నాయి, శనివారం అల్లుణ్ణి పంపు. మురుగు గొట్టం పట్టుకోవడానికి చేతి తొడుగులు మాత్రం కొత్త డబ్బా కొనుక్కోండి.

మీ పెద్దమ్మ