బెల్టు మార్చేటప్పుడు వాచీకి గీతలు పడకుండా

ప్రశ్న: పదవీ విరమణ సందర్భంగా మా అబ్బాయి నాకు ఒమేగా స్పీడ్‌మాస్టర్ వాచీ కొనిచ్చాడు. మా ఊరి ఎండలకు తోలు బెల్టు చెమటతో నాని పాడవుతుంది కనుక వేసవిలో స్టీలు చైను, మిగతా రోజుల్లో తోలు బెల్టు వాడుతున్నాను. ఈమధ్య ఒక దుకాణంలో బెల్టు తీయించి చైను పెట్టించుకుంటే రెండు చోట్ల గీతలు పడ్డాయి. ఇకపై ఇంట్లో నేనే మార్చుకోవచ్చునా? పడిన గీతలు పోతాయా?
– ఒక పాఠకుడు, విజయవాడ

జవాబు: నిరభ్యంతరంగా మార్చుకోవచ్చు. అయితే చాలామంది పాతది తీసేటప్పుడు చూపిన జాగ్రత్తను కొత్తది బిగించేటప్పుడు చూపరు. నిజానికి గీతలు ఎక్కువగా పడేది బిగించేటప్పుడే.

వాచీ చుట్టు నుంచి పైకీ కిందికీ పొడుచుకువచ్చిన నాలుగు కొమ్ముల మధ్య బెల్టును పట్టి ఉంచేది స్ప్రింగు పిన్ను. సన్నని గొట్టంలో స్ప్రింగు ఉండి, రెండు కొసలూ కొమ్ముల లోపలి చిన్న రంధ్రాల్లో కూర్చుంటాయి. పాతకాలపు ఈత వాచీల్లో కొన్నింటికి ఆ రంధ్రాలు బయటి వరకూ ఉండేవి. బయటి నుంచి సూదితో నొక్కితే పిన్ను ఊడి వచ్చేది, గీత పడే ప్రసక్తే ఉండేది కాదు. మీ వాచీకి ఆ సౌకర్యం లేదు. చైనుకూ కొమ్ముకూ మధ్య ఉన్న వెంట్రుకవాసి సందులోకే పనిముట్టు దూరాలి.

అందువల్ల పనిముట్టు విషయంలో పొదుపు చేయవద్దు. స్విట్జర్లాండుకు చెందిన బెర్జియాన్ కంపెనీ చేసే 6767 రకంలో కొస చీలి ఉన్న మొన సన్నగానూ వెడల్పుగానూ రెండు విధాల దొరుకుతుంది. చైనుకు సన్నది, తోలు బెల్టుకు వెడల్పుది వాడాలి. ఇంట్లో ఉన్న చిన్న స్క్రూడ్రైవరుతో కానిచ్చేద్దామనుకుంటే గీత పడినట్లే.

ముందుగా వాచీని తడిగుడ్డతో తుడిచి ఆరనివ్వండి. ఇసుక రేణువు స్టీలు కంటే గట్టిది. గుడ్డ మీద ఒక్కటున్నా చాలు. అందులోనూ మీది హెసలైట్ అద్దమున్న రకమైతే అది గాజు కాదు, ఒక రకం ప్లాస్టిక్. కాబట్టి శుభ్రమైన మెత్తని గుడ్డను రెండు మడతలు వేసి దాని మీదే బోర్లించండి. తరువాత నాలుగు కొమ్ములకూ లోపలా వెనుకా టేపు అంటించండి. సెల్‌ఫోన్ రిపేరు చేసేవారి దగ్గర తేనెరంగులో ఉండే కాప్టన్ టేపు ఇందుకు చక్కగా పనికివస్తుంది: పలుచన, జిగురు మిగల్చదు. పనిముట్టు పక్కకు జారినప్పుడు టేపు కాపాడుతుంది. బలంగా పొడిచేస్తే మాత్రం కాపాడదు.

చైను కొక్కెం విప్పి, రెండు భాగాలనూ గుడ్డలో చుట్టండి. ఒకవైపు ఊడగానే వేలాడే చైను ఊగి వాచీ అంచుకు తగులుతుంది. ఈ సంగతి చాలామందికి గీత పడ్డాక గాని తెలియదు. ఇక పనిముట్టు మొనను పిన్ను మెడకు (కొస దగ్గర గొట్టం మీదున్న అంచుకు) ఆనించి, పిన్ను పొడవునా మధ్యకు నొక్కాలే తప్ప పైకి ఎత్తి పెకలించకూడదు. చేయి వణుకుతున్నట్లనిపిస్తే ఆ రోజుకు ఆపేయండి.

బిగించేటప్పుడు పిన్ను ఒక కొసను దాని రంధ్రంలో పెట్టి, రెండవ కొసను లోపలికి నొక్కి పట్టుకుని, అది కొమ్మును రాసుకోకుండా రంధ్రం దగ్గరకు తీసుకురావాలి. నొక్కకుండా చైనును ఈడ్చుకుంటూ తోస్తే ఆ కొసే కొమ్ము లోపలివైపున అర్ధచంద్రాకారంలో గీస్తుంది. మీ వాచీకి జరిగింది ఇదే కావచ్చు. వంపు తిరిగిన కొసముక్కలున్న స్టీలు చైనుకు రెండు కొసలనూ ఒకేసారి నొక్కే పటకారు ఉంటే పని బాగా తేలికవుతుంది. టిక్కుమన్న శబ్దం వినిపించాక బెల్టును గట్టిగా లాగి చూడండి. పిన్ను వంగినా అరిగినా కొత్తది వేయండి. కొద్దిపాటి ఖర్చుకు వెనుకాడి లక్షల విలువైన వాచీని నేల మీదికి జారవిడుచుకోవడం తగదు. స్పీడ్‌మాస్టర్లలో చాలావాటికి కొమ్ముల మధ్య వెడల్పు 20 మిల్లీమీటర్లు, కానీ అన్నింటికీ కాదు; మీ వాచీని కొలిచి, పిన్నునూ బెల్టునూ ఆ కొలతకే కొనండి.

ఇక పడిన గీతల సంగతి. టూత్‌పేస్టుతోనూ ఇత్తడి సామాను తోమే ద్రావకంతోనూ రుద్దవద్దు. స్పీడ్‌మాస్టర్ కొమ్ములు మెలితిరిగినట్లుండి, ఒక ముఖం అద్దంలా మెరుస్తూ, పక్కభాగం సన్నని గీరలతో మసకగా ఉంటుంది. ఆ రెండింటి మధ్య ఉన్న పదునైన అంచే దాని అందం. రుద్దిన కొద్దీ లోహం అరిగి ఆ అంచు గుండ్రబడుతుంది, మళ్లీ రాదు. చిత్రమేమిటంటే హెసలైట్ అద్దం మీది చిన్న గీతలు ప్లాస్టిక్ పాలిష్‌తో ఇంట్లోనే పోతాయి, స్టీలు మీది గీతలకు ఆ వీలు లేదు. మీ గీతలు లోపలివైపున ఉంటే బెల్టు పెట్టాక ఎవరికీ కనిపించవు; వాటిని అలాగే ఉంచమనే నా సలహా.