నిద్ర మాత్ర సంగతి తర్వాత, ముందు పాదాలు చూపించండి

ప్రశ్న: నాకు 56 ఏళ్లు. మాది అనంతపురం, బెంగళూరు మారతహళ్లిలో ఉంటున్నాం. పదకొండేళ్లుగా షుగర్ ఉంది, మెట్‌ఫార్మిన్ వాడుతున్నాను. ఏడాదిగా రాత్రి పడుకోగానే అరికాళ్లకు కారం రాసినట్టు మంట. పగలు అంతగా తెలియదు. మూడింటి దాకా నిద్ర పట్టదు, పొద్దున తొమ్మిదికి గానీ లేవలేను. మా బావమరిది వాడే ప్రెగాబాలిన్ అనే నరాల నొప్పి మాత్ర ఒకటి, మెడికల్ షాపులో తెచ్చుకున్న ఆల్ప్రాజోలం అనే ఆందోళన తగ్గించే మాత్ర సగం వేసుకుంటున్నాను. బకెట్ నీళ్లలో కాళ్లు పెడితే కాస్త హాయి. నిద్రకు ఇంతకంటే మంచి మాత్ర ఉందా?

జవాబు: మీరు అడిగింది నిద్ర మాత్ర గురించి. నాకు భయం వేసింది మాత్రం ఆ రెండు మాత్రల జోడీ చూసి. రెండూ మత్తిచ్చేవే. కలిపి వేసుకుంటే కొందరిలో ఊపిరి నెమ్మదిస్తుంది, గురక, ఊపిరితిత్తుల జబ్బు ఉన్నవాళ్లకు ముప్పు ఇంకా ఎక్కువ. రాత్రి బాత్రూమ్‌కి లేచి తూలి పడేవాళ్లనూ చూస్తుంటాం. పైగా ప్రెగాబాలిన్ కిడ్నీల ద్వారా బయటికి పోయే మందు. డోసు మీ క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు చెప్పే రక్త పరీక్ష) చూసి ఇవ్వాలి, బావమరిది చీటీ చూసి కాదు. ఆల్ప్రాజోలం షెడ్యూల్ హెచ్1 మందు, అంటే డాక్టర్ చీటీ ఉంటేనే అమ్మాల్సిన మందుల జాబితాలోది. చీటీ లేకుండా అమ్మడం షాపువాడి తప్పు, కొనడం మీ తప్పు. ఎన్నాళ్లుగా వాడుతున్నారో రాయలేదు. రోజూ వాడుతుంటే ఇది చదివి ఈ రాత్రే మానేయకండి, ఉన్నట్టుండి ఆపినా ఇబ్బందే. ఈ వారంలోనే డాక్టర్‌ను కలిసి, ఆయన చెప్పినట్టు తగ్గించుకోండి.

మంట రాత్రే ఎందుకంటే, పగలు పనిలో పడి కాళ్లను పట్టించుకోం, అదొకటి. రెండోది, మెదడులో వెలుతురును బట్టి నడిచే గడియారం ఉంది. దాని ప్రకారమే కార్టిసాల్, మెలటోనిన్ అనే హార్మోన్లు హెచ్చుతగ్గులవుతాయి. నొప్పి తెలిసే తీరు కూడా రోజులో మారుతుంది. షుగర్ వల్ల వచ్చే నరాల నొప్పి చాలామందికి సాయంత్రం నుంచే పెరుగుతుంది. నిద్ర చెడితే మర్నాడు నొప్పి మరింత బాధిస్తుంది, షుగరూ అదుపు తప్పుతుంది. తొమ్మిదికి లేవడంతో పొద్దుటి వెలుతురు తగలక మీ గడియారం ఇంకా వెనక్కి జరుగుతోంది. రాత్రి ఎలా గడిచినా ఆరున్నర, ఏడుకల్లా లేచి బాల్కనీలో అరగంట కూర్చోండి. మధ్యాహ్నం కునుకు వద్దు.

ఇక ఆ బకెట్. పోయిన వారం నా దగ్గరికి ఒకాయన వచ్చారు. తిమ్మిరి పోతుందని రాళ్లుప్పు వేసిన వేడినీళ్లలో కాళ్లు పెట్టుకున్నారట. నీళ్లు ఎంత వేడో ఆ కాళ్లకు తెలియలేదు. బొబ్బలు ముందు చూసింది ఆయన భార్య. చన్నీళ్లు కాల్చవు, నిజమే. కానీ గంటల తరబడి నానిన చర్మం పగులుతుంది, షుగర్ కాలికి పగులు చాలు పుండు కావడానికి.

ఏడాది ఆగారు, అదే నా కోపం. హెచ్‌బీఏ1సీ (రెండు మూడు నెలల సగటు షుగర్ చెప్పే పరీక్ష), క్రియాటినిన్, విటమిన్ బీ12, థైరాయిడ్ చూపించుకోండి. మెట్‌ఫార్మిన్ ఏళ్ల తరబడి వాడితే బీ12 తగ్గొచ్చు, అదీ నరాలను దెబ్బతీస్తుంది. పాదాలకు మోనోఫిలమెంట్ పరీక్ష, అంటే సన్నని నైలాన్ పోగుతో తాకి స్పర్శ తెలుస్తోందో లేదో చూడటం, రెండు నిమిషాల పని. మంట తగ్గించే మందులు వేరే కూడా ఉన్నాయి, మీకు ఏది సరిపోతుందో చూడకుండా నేనిక్కడ రాయలేను. మంట తగ్గితే చాలామందికి నిద్ర మాత్ర అవసరమే పడదు. పుండు, కాలు రంగు మారడం, ఒక కాలే బలహీనపడటం ఉంటే అపాయింట్‌మెంట్ కోసం ఆగకుండా ఆ రోజే ఆసుపత్రికి వెళ్లండి.

వెళ్లేటప్పుడు ఇంట్లో ఉన్న స్ట్రిప్పులన్నీ, బావమరిదివి కూడా, ఒక కవర్‌లో వేసుకుని తీసుకెళ్లండి.