గండికోట బండల మీద కనిపించింది ఇయాగో పిచ్చుకేనా?

గండికోటలో పెన్నా లోయ అంచున చూసిన చిన్న పిచ్చుక దీవుల్లో మాత్రమే బతికే ఇయాగో పిచ్చుకేనా అని అడిగారు. కాదండీ.

ఇయాగో పిచ్చుక ఉండేది అట్లాంటిక్‌లో, సెనెగల్ తీరానికి పడమరగా సుమారు 600 కిలోమీటర్ల దూరాన ఉన్న కేప్ వెర్డె దీవుల్లోనే, అందులోనూ ఫోగో దీవిలో ఉండదు. బీగిల్ ఓడలో వెళ్లిన డార్విన్ 1832 జనవరిలో అక్కడి శాంటియాగో దీవిలో దీన్ని సేకరించాడు, తర్వాత పక్షి శాస్త్రవేత్త జాన్ గౌల్డ్ దీనికి పేరు పెట్టాడు. మన ఊరపిచ్చుక కంటే కాస్త చిన్నది. మగదానికి నెత్తి బూడిద రంగు, కంటి మీదుగా నల్ల గీత, దాని పైన ఇటుక రంగు. లావా నేలల్లో తిరుగుతూ కొండచరియల పగుళ్లలో, గోడల కంతల్లో గూడు కడుతుంది కాబట్టి మన గండికోట బండలు చూసి మీకు ఆ అనుమానం రావడం సహజమే. 2013లో కొన్ని ఓడెక్కి నెదర్లాండ్స్ దాకా వెళ్లాయి గానీ మామూలుగా ఆ దీవులు దాటి పోయే పిట్ట కాదు.

నేను కడపలో ఉంటాను, జమ్మలమడుగు వైపు వెళ్తే బైనాక్యులర్ వెంట ఉండాల్సిందే. నా అంచనా మీరు చూసింది పసుపు గొంతు పిచ్చుక. ఎండాకాలంలో కోట దగ్గర ఒక జంట వేపచెట్టు తొర్రలోకి పోయి వస్తుంటే చాలాసేపు చూశాను. మిట్టమధ్యాహ్నం ఎండలో మట్టి రంగు పిట్టలాగే ఉంది, సాయంత్రం వెలుతురు పక్క నుంచి పడ్డాక మగది మెడ ఎత్తి కూసినప్పుడు గొంతు కింద నిమ్మపండు రంగు మచ్చ స్పష్టంగా కనబడింది. భుజం దగ్గర ఇటుక రంగు, రెక్క మీద తెల్లటి పట్టీలు ఉంటాయి. ఆ పసుపు కనబడకపోయినా వీపు చూడండి, దీనికి చారలు ఉండవు, ఊరపిచ్చుకకూ ఇయాగోకూ ఉంటాయి. నాకైతే అన్నిటికంటే నమ్మకమైన గుర్తు అదే.

చిన్న చోటికే పరిమితమైన పక్షుల మీద ఇష్టం ఉంటే మన జిల్లా కలివికోడి గురించి తప్పకుండా చదవండి. 1900 తర్వాత ఎవరికీ కనబడక అంతరించిందనుకున్న పక్షి, 1986లో రెడ్డిపల్లె దగ్గర మళ్లీ దొరికింది. దాని కోసమే శ్రీలంకమల అభయారణ్యం ఏర్పడింది, తెలుగుగంగ కాలువ దారి కూడా మార్చారు. అక్కడి ముళ్లపొదలు కొట్టేస్తే ఆ పక్షికి వేరే దిక్కు లేదు.

మీ దగ్గర ఫోటో ఉంటే ఇక్కడ పెట్టండి, మసకగా ఉన్నా పరవాలేదు, వీపు కనిపిస్తే చాలు.